తలా ఒక చేయి

బదిలీ ఉత్తర్వు చేతికందగానే మా ఇంట్లో మూడు ప్రశ్నలు లేస్తాయి. క్వార్టరు ఉందా? పాపకు బడిలో సీటు దొరుకుతుందా? ఆదివారం వెళ్లడానికి చర్చి ఉందా? మొదటి రెండింటికీ జవాబు ఆఫీసులో దొరుకుతుంది. మూడోదానికి మాత్రం ఊళ్లో దిగాక రిక్షా అతన్నో, మందుల షాపు అతన్నో అడగాల్సిందే.

మేమంటే భార్యాభర్తలం. ఒకరం తెలుగు చెబుతాం, ఒకరం ఇల్లు చక్కబెడుతూ కుట్టుమిషన్ మీద నాలుగు రాళ్లు సంపాదిస్తాం. పదమూడేళ్లలో ఇది మాకు ఐదో ఊరు. ఉత్తరాదిలో తెలుగు మాస్టారికి పనేమిటని చుట్టాలు అడుగుతూ ఉంటారు. నవోదయ విద్యాలయాల్లో తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు ఏడాదిపాటు వేరే భాషా ప్రాంతంలోని విద్యాలయంలో చదువుతారు. మన తెలుగు జిల్లాల పిల్లలు హిందీ ప్రాంతాలకు వెళ్తారు, అక్కడివాళ్లు మన దగ్గరకు వస్తారు. ఆ పిల్లలున్న చోట తెలుగు చెప్పేవాళ్లు కూడా ఉండాలి కదా. అలా మా ట్రంకుపెట్టెలు రైళ్లెక్కుతూ దిగుతూ ఉన్నాయి.

ఈ సంచిక కోసం సమష్టి కృషి మీద ఏదైనా రాయమన్నారు. క్రీడల గురించి, సైన్యం గురించి రాసేవాళ్లు ఉంటారు. మేము మాత్రం మాకు బాగా తెలిసిన చోటు గురించి రాస్తాం. పరాయి ఊళ్లలోని చిన్న చిన్న చర్చిల్లో పదిమంది కలిసి పనిచేయడం ఎలా ఉంటుందో మేము దగ్గరగా చూశాం. చదివేవారు ఏ మతంవారైనా ఇందులో తమకు పనికొచ్చేది కొంత ఉంటుందని అనుకుంటున్నాం.

మా సొంతూళ్లో చర్చి అంటే పెద్దది. గురువుగారు ఉంటారు, సంఘ పెద్దలు ఉంటారు, గాయక బృందం, స్త్రీల సమాజం, యువజన సమాజం అన్నీ ఉంటాయి. మనం వెళ్లి కూర్చుంటే చాలు, ఆరాధన జరిగిపోతుంది. గంట ఎవరు కొట్టారో, చాపలు ఎవరు పరిచారో మనకు తెలియదు. మధ్యప్రదేశ్‌లో మేము నాలుగేళ్లున్న జిల్లా కేంద్రంలో సంగతి వేరు. అక్కడి చర్చికి వచ్చేవి ముప్పై కుటుంబాలలోపే. పాస్టరుగారు అరవై కిలోమీటర్ల దూరంలో ఉండేవారు. ఆయన చూడాల్సిన సంఘాలు మరో మూడు ఉండేవి. నెలకు రెండు ఆదివారాలే వచ్చేవారు. మిగతా ఆదివారాలు సంఘమే నడుపుకోవాలి.

ఆ ముప్పై కుటుంబాల్లో అన్ని భాషలూ ఉండేవి. జిల్లా ఆసుపత్రిలో పనిచేసే మలయాళీ నర్సులు, ఝార్ఖండ్ నుంచి రైల్వే పనికి వచ్చి స్థిరపడిన ఉరావ్, ముండా కుటుంబాలు, మూడు తరాలుగా ఆ ఊళ్లోనే ఉన్న హిందీ కుటుంబాలు, ఒక తమిళ బ్యాంకు ఉద్యోగి, మేము, మాలాంటి మరో తెలుగు కుటుంబం. సంఘ పెద్ద ఒక రిటైర్డు రైల్వే గార్డు. అందరూ ఆయన్ని గార్డ్ సాహబ్ అనేవారు. మేము వెళ్లిన రెండో ఆదివారమే ఆయన పాత లెడ్జరు తెచ్చి మా ముందు పెట్టి, "మాస్టర్‌జీ, మీరిద్దరూ ఏం చేయగలరు?" అని అడిగారు. ఎంత చందా ఇస్తారని అడగలేదు.

ఆ లెడ్జరులో పనుల జాబితా ఉంది. శనివారం సాయంత్రం చీపురు పట్టేవాళ్లు, దరీలు దులిపి పరిచేవాళ్లు, మంచినీళ్ల కుండ నింపేవాళ్లు, పాటల పుస్తకాలు పంచేవాళ్లు, వాక్యం చదివేవాళ్లు, పిల్లలకు సండే స్కూలు చెప్పేవాళ్లు, ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూసి వచ్చేవాళ్లు. కానుకలు లెక్కపెట్టడానికి ఎప్పుడూ ఇద్దరు ఉండాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. అది అనుమానంతో పెట్టిన నియమం కాదు. రేపు ఎవరైనా ఒక మాటంటే ఒంటరిగా నిలబడి జవాబు చెప్పుకోవాల్సిన అవస్థ ఎవరికీ రాకూడదని పెట్టింది. మాలో ఒకరికి పిల్లల పని, ఒకరికి లెక్కల పుస్తకం అప్పగించారు. ఆ రోజు నుంచి ఆ ఊరు మాకు పరాయిది కాలేదు.

అంతమాత్రాన అక్కడ అంతా సవ్యంగా నడిచిందని కాదు. మేము చేరిన ఏడాదే క్రిస్మస్ కార్యక్రమం దగ్గర గొడవ వచ్చింది. గంటన్నరలో పాటలన్నీ అయిపోవాలని నిర్వాహకులు ఒక వరుస వేశారు. హిందీ పాటలు, ఇంగ్లిషు పాటలు, మలయాళం పాట ఒకటి పెట్టారు. ఉరావ్ కుటుంబాలవాళ్లు మాందర్ డోలు కొడుతూ సాద్రి భాషలో పాడే పాటకు చోటు లేదు. అది చాలా పొడవని, చప్పుడెక్కువని, చుట్టుపక్కలవాళ్లు ఏమైనా అంటారని కారణాలు చెప్పారు. ఆ కుటుంబాలు ఐదు. వాళ్లు గట్టిగా పోట్లాడలేదు. క్రిస్మస్‌కు వచ్చారు, వెనక వరుసలో కూర్చున్నారు, కేకు తీసుకుని వెళ్లారు. జనవరి నుంచి రావడం మానేశారు. ఎవరి కాలనీలో వాళ్లు, ఎవరి ఇంట్లో వాళ్లు ప్రార్థన చేసుకోసాగారు.

చాపలు దులిపే పనిలో, కుండ నింపే పనిలో ఎక్కువగా ఉన్నది వాళ్లేనని అప్పుడు తెలిసింది. శనివారం సాయంత్రాలు చర్చి తలుపు తీసేవాళ్లు తగ్గిపోయారు. అయినా కొందరు "వస్తే వస్తారు, లేకుంటే లేదు" అన్నారు. గార్డ్ సాహబ్ రెండుసార్లు వాళ్ల ఇళ్లకు వెళ్లి వచ్చారు. ఏం మాట్లాడారో చెప్పలేదు.

భాష దగ్గర వచ్చే ఈ తగువు కొత్తది కాదు. బైబిలులో అపొస్తలుల కార్యముల గ్రంథం ఆరో అధ్యాయంలో దీని మొదటి రూపం కనిపిస్తుంది. యెరూషలేములో సంఘం పెరుగుతున్న రోజులు. రోజూ ఆహారం పంచేవారు. ఆ పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు మాట్లాడేవాళ్లు హెబ్రీయుల మీద ఫిర్యాదు చేశారు. శిష్యులు ఆ ఫిర్యాదును నోరు నొక్కి పక్కన పెట్టలేదు. అలాగని అంతా తామే నెత్తిన వేసుకోలేదు. అందరినీ పిలిచి, మంచి పేరున్న ఏడుగురిని మీరే ఎంచుకోండి, ఈ పని వాళ్లకు అప్పగిద్దాం అన్నారు. స్తెఫను, ఫిలిప్పు మొదలైన ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే, ఎవరికి అన్యాయం జరిగిందన్నారో పంపకం పని ఆ వైపువాళ్ల చేతికే ఇచ్చారని చాలామంది పండితులు చెబుతారు. సంఘంలో పని పంచుకోవడం ఒక ఫిర్యాదుతో, అన్నం దగ్గర మొదలైందన్నమాట.

మే నెలలో ఒక తెల్లవారుజామున మా తలుపు తట్టారు. ఆ ఐదు కుటుంబాల్లో ఒకదానిలో ముసలమ్మ రాత్రి కన్నుమూసింది. ఎండలు నలభై నాలుగు డిగ్రీలు దాటుతున్న రోజులవి. సాయంత్రంలోపు భూస్థాపన చేయాలి. సమాధుల తోట ఊరికి ఐదు కిలోమీటర్ల దూరం. ఎప్పుడూ గుంట తవ్వే మనిషి ఊళ్లో లేడు, పెళ్లికి పోయాడు. ఇంకెవరినైనా పిలుద్దామంటే, ఆ తోటలో పని అనగానే వెనకాడారు.

ఆ ఇంట్లో మగవాళ్లు ఇద్దరే. ఒకరు డ్యూటీలో, రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. మేము వెళ్లేసరికి గార్డ్ సాహబ్ గడ్డపార భుజాన వేసుకుని తోట గేటు దగ్గర ఉన్నారు. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. తమిళ బ్యాంకు ఉద్యోగి సెలవు పెట్టి వచ్చాడు. క్రిస్మస్ పాటల వరుస వేసినవాళ్లలో ఇద్దరు వచ్చారు. నైట్ డ్యూటీ దిగిన నర్సులు ఇంటికి పోకుండా నేరుగా ముసలమ్మ దగ్గరకు వెళ్లి ఆమెకు స్నానం చేయించి, మంచి చీర కట్టారు. హిందీ కుటుంబాల ఆడవాళ్లు ఇద్దరు వంట మొదలుపెట్టారు. ఎవరూ ఎవరికీ పని చెప్పలేదు.

ఆ నేల పైన నల్లరేగడి, ఎండకు పగిలి రాయిలా ఉంది. రెండడుగులు దిగాక మొరం తగిలింది. ఒకరు పది నిమిషాలు గడ్డపార వేస్తే ఒకరు పారతో మట్టి తీయాలి, ఇంకొకరు తట్టతో పైకి అందించాలి. పది నిమిషాలకు మించి ఎవరూ నిలబడలేకపోయారు. అందుకని వంతులు పెట్టుకున్నాం. తొమ్మిది మందిమి. పగలు పన్నెండున్నరకు గుంట పూర్తయింది. మాలో ఒకరి అరచేతులు బొబ్బలెక్కాయి, ఒకరి చీర కొంగు ఆ ఇంటి పసిపిల్లల కన్నీళ్లు తుడిచి తడిసిపోయింది. తవ్వినంతసేపూ డిసెంబరు గురించి ఒక్క మాట రాలేదు. డ్యూటీలో ఉన్న కొడుకు నాలుగింటికి వచ్చి గుంటను చూశాడు, తవ్వినవాళ్లను చూశాడు, పాటల వరుస వేసిన పెద్దమనిషి చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆ పెద్దమనిషీ ఏడ్చాడు.

భూస్థాపన దగ్గర ఎవరూ అడగకుండానే మాందర్ మోగింది. చప్పుడెక్కువైందని ఎవరూ అనలేదు.

తర్వాతి ఆదివారం ఆ ఐదు కుటుంబాలూ వచ్చాయి. కథ అక్కడితో అయిపోతే అది జాలి కథే అయ్యేది. గార్డ్ సాహబ్ అక్కడ ఆపలేదు. నవంబరులో కమిటీ కూర్చున్నప్పుడు, ఈసారి క్రిస్మస్ ఏర్పాట్లు మొత్తం ఆ ఐదు కుటుంబాలకే అప్పగిద్దామన్నారు. డబ్బు, వేదిక, పాటల వరుస అన్నీ. కొందరు ముఖాలు చూసుకున్నారు కానీ కాదనలేదు. వాళ్లు వేసిన వరుసలో మొదటిది మలయాళం పాట, రెండోది మా తెలుగు పాట, తర్వాత హిందీ, ఇంగ్లిషు, తమిళం. తమ పాటను చిట్టచివర పెట్టుకున్నారు. తల్లిదండ్రుల అనుమతి పత్రంతో, ప్రిన్సిపల్‌గారి సంతకంతో మాతో చర్చికి వచ్చే మన తెలుగు పిల్లలు నలుగురు ఆ రోజు పాడారు. వాళ్లలో డప్పు తెలిసిన ఒకడు మాందర్ పక్కన కూర్చుని పావుగంటలో ఆ దరువు పట్టేశాడు. కార్యక్రమం రెండు గంటలు దాటింది. చుట్టుపక్కలవాళ్లు గోడ దగ్గరకు వచ్చి చూశారు.

ఇలాంటివి చూశాక మన తెలుగు నేల మీది పెద్ద చర్చిలు కూడా మాకు వేరుగా కనిపించసాగాయి. మెదక్ కెథడ్రల్ చాలామంది చూసి ఉంటారు. వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. రంగుటద్దాల కిటికీలు చూసి అబ్బురపడతాం. కానీ 1914లో మొదలైన ఆ పని కరువు రోజుల్లో సాగింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే ఆంగ్లేయ మిషనరీ, తిండికి అల్లాడుతున్న పల్లెజనానికి పని చూపించి, ఆ పనికి తిండి పెట్టే ఏర్పాటుగా దాన్ని కట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. నక్షా గీసినవారి పేర్లు, కట్టించినవారి పేరు చరిత్రలో ఉన్నాయి. రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా లేవు. గోపురం మాత్రం వాళ్ల భుజాల మీదనే లేచింది.

బదిలీల మీద తిరిగే మాకు ఇంకా దగ్గరైనవారు దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళులు. 1909లో దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని, తెలుగు పల్లెల్లోనే జీవితం గడిపారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల నుంచి తొలి బిషప్ ఆయనే. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కెథడ్రల్‌లో గుమ్మటాలు, మంటపపు స్తంభాలు కనిపిస్తాయి. మన నేల మీది కట్టడాల పోకడలన్నీ అక్కడ ఒక కప్పు కిందికి వచ్చాయి. ఆయన పని బిషప్ ఒక్కరి పని కాదు. పల్లె పల్లెనా పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించి, సాయంత్రం ప్రార్థన జరిపించిన పంతుళ్లు, వాళ్లతో సమానంగా ఆడవాళ్ల మధ్య పనిచేసిన వాళ్ల భార్యలు లేకపోతే అది సాగేది కాదు. భార్యాభర్తలు ఒక జట్టుగా పనిచేసిన ఆ పంతుళ్ల ఇళ్లు తలచుకుంటే మాకు ధైర్యంగా ఉంటుంది.

వేర్వేరు సంఘాలు ఒకటి కావాలన్న ప్రయత్నంలో కూడా అజరయ్యగారు ముందున్నారు. 1919లో తరంగంబాడిలో మొదలైన ఆ మాటలు ఇరవై ఎనిమిదేళ్లు నడిచాయి. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలవాళ్లు కలిసి, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నెలన్నరకు. అజరయ్యగారు దాన్ని చూడలేదు. 1945 జనవరి 1న కన్నుమూశారు. తాను నాటిన చెట్టు నీడలో తాను కూర్చోలేకపోవచ్చని తెలిసి కూడా నీళ్లు పోసేవాళ్లు ఉంటేనే ఏ జట్టైనా నిలుస్తుంది. ఉత్తరాదిలోనూ ఇలాగే 1970 నవంబరు 29న నాగ్‌పూర్‌లో పలు సంఘాలు ఒకటయ్యాయి.

పెద్దవాటిలోనే కాదు, పిడికెడులోనూ ఈ కలయిక ఉంటుంది. మా తోటి ఉపాధ్యాయురాలు ఒకరు మిజోరం నుంచి వచ్చినవారు. వాళ్ల దగ్గర బుహ్‌ఫై థమ్ అనే అలవాటు ఉందని చెప్పారు. వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఇళ్లన్నిటి నుంచీ వాటిని పోగుచేసి అమ్మి ఆ డబ్బు సంఘం పనులకు వాడతారు. నూరేళ్లకు పైగా సాగుతున్న పద్ధతి అది. మన తెలుగు పల్లెల్లోనూ గుప్పెడు బియ్యం తీసిపెట్టే తల్లులను మేము ఎరుగుదుం. ఆ గుప్పెడు తీసినందుకు ఆ పూట ఎవరి కడుపూ మాడదు. ఒక్క ఇంటి గుప్పెడుతో ఏ పనీ కాదు. వెయ్యి ఇళ్ల గుప్పెళ్లు కలిస్తే బడి నడుస్తుంది, వైద్యం నడుస్తుంది.

జట్టు ఎక్కడ చెడుతుందో కూడా ఈ ఊళ్లలోనే చూశాం. అన్నీ తానే చేసే మనిషి ఉన్న చోట మొదట చెడుతుంది. అతడు మంచివాడే, కష్టజీవే. కానీ అతనికి జ్వరం వచ్చిన రోజు చర్చి తలుపు తెరుచుకోదు. పేరు కనిపించే పనికి పదిమంది, చీపురు పట్టే పనికి ఒక్కరూ రాని చోట ఇంకా చెడుతుంది. బైబిలులో నెహెమ్యా గ్రంథంలో యెరూషలేము ప్రాకారం 52 రోజుల్లో లేచిన కథ ఉంది. అందులో ఎవరు ఏ గోడ ముక్క కట్టారో పేర్లతో సహా పెద్ద జాబితా రాశారు. కంసాలి ఉన్నాడు, సుగంధద్రవ్యాలు చేసేవాడు ఉన్నాడు, తన కూతుళ్లతో కలిసి కట్టిన తండ్రి ఉన్నాడు. చాలామంది తమ ఇంటి ఎదుటి భాగమే కట్టారు. ఒక ఊరి ప్రముఖులు మాత్రం పనికి మెడ వంచలేదని కూడా అందులో రాసి ఉంది. చేసినవాళ్లనూ చేయనివాళ్లనూ దాచకుండా రాసిన ఆ జాబితా మాకు ఇష్టం. గార్డ్ సాహబ్ లెడ్జరు కూడా అలాంటిదే.

పిల్లలూ, మీలో కొందరు వచ్చే ఏడాది భాష తెలియని చోటికి వెళ్తారు. అక్కడ మొదటి వారం అన్నం నచ్చదు, మాట అర్థం కాదు, అమ్మ గుర్తొస్తుంది. అప్పుడు మీకు మేము చెప్పేది ఒకటే. నన్ను ఎవరు పలకరిస్తారా అని మంచం మీద కూర్చోకండి. ఇక్కడ నేను ఏ పని పట్టగలనని అడగండి. అసెంబ్లీలో బెంచీలు సర్దేవాళ్లు కావాలి, మెస్సులో వడ్డించేవాళ్లు కావాలి, జ్వరంతో పడుకున్నవాడి పళ్లెం తెచ్చిపెట్టేవాళ్లు కావాలి. పని పట్టుకున్నవాణ్ని ఏ ఊరూ పరాయివాడిగా చూడదు. అలాగే మీ ఊరికి, మీ హాస్టలుకు వేరే భాషవాడు వస్తే, వాడి పాటకు కూడా వరుసలో చోటు ఉంచండి. ఆ చోటు ఎక్కడుండాలో వాడినే చెప్పనివ్వండి.

మాకు మళ్లీ బదిలీ కాలం దగ్గర పడుతోంది. ఎక్కడికో ఇంకా తెలియదు. ఇక్కడి లెక్కల పుస్తకాన్ని అప్పగించడానికి ఒక కాలేజీ అమ్మాయికి మూడు నెలలుగా పని నేర్పిస్తున్నాం. మొన్నటి ఆదివారం కానుకలు తనే లెక్కించి, పక్కనున్నవారితో సంతకం పెట్టించి, పైసతో సహా సరిచూసింది. ఇక మేము వెళ్లినా ఫర్వాలేదు.